కుంట దగ్గర నేను పెట్టిన క్యాంపు

నేను పశువుల డాక్టర్ని. మాది మార్కాపురం, నాయనకు బట్టల దుకాణం. మా ఇంట్లో ఎవరూ ఆవును ముట్టుకుని ఎరగరు. పాలు ప్యాకెట్లో వస్తాయి. అలాంటి ఇంట్లో పుట్టి ఈ చదువు చదివానంటే నాకు మూగజీవాల మీద ప్రేమ అనుకుంటారు. కాదు. మనుషుల డాక్టరు సీటు రాలేదు, అంతే. ఆ ఉక్రోషం నన్ను చాలా ఏళ్ళు నడిపించింది. ఎక్కడికి వెళ్ళినా నేను డాక్టర్నని ఒకటికి రెండుసార్లు చెప్పుకునేదాన్ని. ఎదుటివాళ్ళు ఒకసారి విని ఊరుకుంటే నాకు చాలేది కాదు.

మొదటి పోస్టింగు పెద్దదోర్నాల దాటాక, నల్లమల అంచున ఒక పల్లెలో ఇచ్చారు. ఒక గది ఆసుపత్రి, ముందు ఒక వేపచెట్టు, పశువును నిలబెట్టి కట్టే ఇనుప చట్రం. రోజూ మార్కాపురం నుంచి బస్సులో వచ్చిపోయేదాన్ని. ఆ ఊళ్ళో మందను కాసే ముసలాయన ఒకడున్నాడు. తెల్లవారగానే ఇంటింటి ఆవులనూ విప్పించుకుని అంచు అడవిలో మేపుకొచ్చి, పొద్దు గూకేలోపు ఎవరివి వాళ్ళకు అప్పగిస్తాడు. అందరూ ఇచ్చే గింజల మీదే బతుకు. భార్య పోయింది. కూతుర్ని చంద్రశేఖరపురం వైపు ఇచ్చాడు. ఊరంతా ఆయన్ని తాత అంటారు, నేనూ అలాగే పిలిచాను. ఆయన నన్ను డాక్టరమ్మా అనలేదు, తల్లీ అన్నాడు. నిజం చెప్పాలంటే అది నాకు మొదట కాస్త కినుకగానే ఉండింది.

ఆ ఎండాకాలం పశువుల పుండ్లకు పురుగు పట్టడం ఎక్కువైంది. ముల్లు గీరినా, పిడుదు కుట్టినా, దూడకు బొడ్డు ఆరకపోయినా ఒక రకం ఈగ వచ్చి ఆ పుండు అంచున గుడ్లు పెడుతుంది. ఒక పూట గడిచేసరికి పురుగులు పుట్టి పచ్చి మాంసం తింటూ లోపలికి తొలుచుకుపోతాయి. ముదిరాక నేల మీదికి రాలి, మట్టిలో దూరి, కొన్నాళ్ళకు ఈగలై లేస్తాయి. ఈ బొమ్మంతా నేను పరీక్షలో రంగు పెన్సిళ్ళతో వేసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. నాకు తెలియక చేశాను అనడానికి వీల్లేకుండా ఈ మాట ఇక్కడే రాస్తున్నాను.

తాత వైద్యం వేరు. పురుగు పట్టిన పశువును మందలో కలపడు. పుండు మూసుకునేదాకా ఇంటి దగ్గరే కట్టెయ్యమంటాడు. సాయంత్రం వచ్చి, ముళ్ళు తీసే చిన్న శ్రావణంతో పురుగులను ఒక్కొక్కటే లాగి కుండపెంకులో ఉన్న నిప్పుల మీద వేస్తాడు. ఒక ఆవుకు గంట పడుతుంది. నేనొకసారి నిలబడి చూసి నవ్వాను.

"ఏంది తాతా, ఒక్కోదానికి దహనం చేస్తున్నావా? దినం కూడా పెడతావా?"

ఆయన కూడా నవ్వాడు. "ఒక్కటి నేలబడినా ఊరికే పోదు తల్లీ. పుండున్న పశువు అడవి తొక్కగూడదని మా పెద్దోళ్ళు అంటుండిరి. ఇంటికాడ నిప్పుంటాది, చెయ్యుంటాది. అడవిలో యాడ ఏరుతాం?"

మూఢనమ్మకం అనుకున్నాను. అడవి తల్లికి మైల అంటుతుందనో ఏదో కథ ఉంటుందిలే అనుకున్నాను. అందులో నేను చదివిన చదువే ఉందని, నా బొమ్మనే ఆయన బొమ్మ లేకుండా చెప్తున్నాడని నాకు తట్టలేదు. తట్టినా ఒప్పుకునేదాన్ని కాదేమో. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం మనిషిని.

ఊళ్ళో ఇంటింటికీ తిరగడం నాకు కష్టంగా ఉండేది. ఎండ, కుక్కలు, పైగా ప్రతి ఇంట్లో కాఫీ తాగమని బలవంతం. అడవి అంచున ఒక కుంట ఉంది. మధ్యాహ్నం మందలన్నీ అక్కడికి నీళ్ళకు దిగి చెట్ల నీడన పడుకుంటాయి. అక్కడే క్యాంపు పెడితే మూడు ఊళ్ళ పశువులు ఒకే పూటలో అయిపోతాయి. పైగా చెట్లు, నీళ్ళు, వెనక కొండ, ఫొటో బాగా వస్తుంది. మా ఆఫీసు గ్రూపులో అందరూ క్యాంపుల ఫొటోలు పెట్టేవాళ్ళు. నాదింకా ఒక్కటీ లేదు.

తాతకు చెప్పాను, ఇళ్ళ దగ్గర కట్టేసిన పుండ్ల పశువులన్నిటినీ ఫలానా రోజు కుంట దగ్గరికి తోలుకురమ్మని.

ఆయన ఒప్పుకోలేదు. "కుంటకాడ వద్దు తల్లీ. దుప్పులు నీళ్ళు తాగే జాగా అది. ఊళ్ళోనే చేద్దాం. నేను ఇల్లిల్లూ తిరిగి పట్టుకుంటా."

"డాక్టర్ నువ్వా, నేనా?" అన్నాను.

నలుగురి ముందు అన్నాను. ఆయన తలగుడ్డ సర్దుకుని, "నువ్వే తల్లీ" అన్నాడు. చెప్పిన రోజున పశువులన్నిటినీ తోలుకొచ్చాడు.

ఆ క్యాంపు జోరుగా జరిగింది. పుండులో టర్పెంటైన్ నూనె పోయడం, ఊపిరాడక పురుగులు బిలబిలమని బయటికి రావడం, దులిపి మందు రాయడం, తర్వాతి పశువు. కొన్ని పురుగులు చచ్చేవి, చాలా బతికే రాలేవి. మెత్తటి తడి మట్టి, పైన ఎండుటాకులు. వాటికి అంతకంటే మంచి పడక దొరకదు. తాత ఒక్కడే పెంకులో నిప్పులు పెట్టుకుని కాళ్ళ మధ్య పాకుతున్న పురుగులను ఏరుతూ కూర్చున్నాడు. పశువులకు అడ్డంగా ఉన్నాడని ఆయన్ని లేపి పక్కకు పంపించాను. ఫొటో తీయించుకున్నాను. గ్రూపులో చప్పట్ల బొమ్మలు వచ్చాయి.

మూడు వారాలు గడిచాయో లేదో, చెక్‌పోస్టు దగ్గర ఉండే అటవీ ఆఫీసరు ఆసుపత్రికి వచ్చాడు. నా ఈడువాడే. ఫోనులో ఒక వీడియో చూపించాడు. చుక్కల దుప్పి మగది, కొమ్ములు కొత్తగా మొలుస్తున్నాయి. ఆ రోజుల్లో కొమ్ము మీద మెత్తటి తోలు ఉంటుంది, కాస్త గీరుకున్నా నెత్తురు వస్తుంది. ఆ కొమ్ము మొదలంతా పురుగులతో కదులుతోంది. దుప్పి తల విదిలిస్తూ, చెట్టుకు రుద్దుకుంటూ, మళ్ళీ విదిలిస్తూ తిరుగుతోంది.

"ఇట్లాంటివి వారంలో చానా చూసినాం మేడం. దుప్పి పిల్లలకైతే బొడ్డుకాడ. రెండు చచ్చిపోయినాయి. అన్నీ ఆ కుంట చుట్టుపక్కలే. ఎందుకంటారు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "ఎండాకాలం కదండీ, ఈగలు ఎక్కువ" అన్నాను. ఆయన అడగకుండానే ఇంకో నాలుగు కారణాలు చెప్పాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

పై అధికారులు నన్ను రిపోర్టు అడిగారు. ఆ రిపోర్టు ఒక పూటలో రాశాను. ఈగ గురించి, పురుగు గురించి పొల్లు పోకుండా రాశాను. చివర ఒక ప్రశ్న ఉంది. పుండ్లున్న పశువులు వన్యప్రాణుల నీటి వనరు దగ్గరికి ఎలా చేరాయి? నా క్యాంపు ఫొటోలో ఉన్నది ఆ కుంటేనని పైవాళ్ళెవరూ గుర్తుపట్టలేదు. ఆ గడి దగ్గర చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. తర్వాత రాశాను. "స్థానిక మందకాపరి పశువైద్యుల సూచనలు పాటించక, పుండ్లున్న పశువులను అడవిలోకి తోలినందున."

ఒక్క వాక్యం. అందులో సూచన ఇచ్చింది ఆయన, పాటించనిది నేను. ఆ రెండింటినీ తారుమారు చేశాను. రాసి, సంతకం చేసి, రోజూ వెళ్ళే బస్సుకే ఇంటికి వెళ్ళాను. అది తలుచుకుంటేనే నాకిప్పుడు ఎక్కువ సిగ్గు వేస్తుంది.

వారంలో ఉత్తర్వు వచ్చింది. అంచు అడవిలో మేత బంద్. ఊరిని రచ్చకట్ట దగ్గరకు పిలిచి ఆఫీసరు చదివి వినిపించాడు. నా వాక్యం కూడా చదివాడు. చదివాక తాతను నిలబెట్టి, "ఇంత వయసొచ్చినాక నీకు బుద్ధి లేదా? డాక్టరమ్మ చెప్పినా వినవా?" అని గద్దించాడు.

తాత నా వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. పెద్దవాళ్ళు తప్పిపోయిన పిల్లను చూసినట్టు చూశాడు. ఆయన ఒక్క మాట చెబితే నా పని అయిపోతుంది. కుంట దగ్గర క్యాంపు పెట్టింది ఎవరో అక్కడున్న అందరికీ తెలుసు. కానీ వాళ్ళందరూ ఆయన ఏమంటాడోనని చూస్తున్నారు. నేను ఫోనులో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాను. నాకు ఏ ఫోనూ రాలేదు.

"తప్పే సారూ" అన్నాడు తాత.

మేత బంద్ అయ్యాక ఊరివాళ్ళు ఆవులను ఇంట్లో కట్టి మేపలేకపోయారు. ఒక్కొక్కరే బేరగాళ్ళకు అమ్మేశారు. మంద లేదు, కాపరి లేడు. నీ వల్లనే మా గొడ్లు పోయినాయని ఆయన ముఖానే అన్నవాళ్ళు ఉన్నారు. నిజం తెలిసినవాళ్ళు కూడా ఊరుకున్నారు. రేపు ఇంకో పశువుకు జబ్బు చేస్తే డాక్టరమ్మ దగ్గరికే కదా రావాలి.

అయినా దుప్పులు చస్తూనే ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను అప్పుడు మొదలుపెట్టాను. వలవేసి పట్టి మందు రాద్దామని తొందరపడ్డాను. ఒక ఆడ దుప్పి వలలో పడింది. నేను మందు సీసా మూత తీసేలోపే అది నా మోకాలి దగ్గర బెదురుకే చచ్చిపోయింది. దాని పొట్ట ఇంకా వెచ్చగా ఉంది. ఆఫీసరూ నేనూ వల మడిచి జీపులో వేసుకుని వచ్చేశాం.

మర్నాడు పొద్దున ఆసుపత్రి మెట్ల మీద తాత కూర్చుని ఉన్నాడు. నిలదీయడానికి వచ్చాడనుకున్నాను.

"దుప్పిని చేత్తో పట్టగూడదు తల్లీ. చెయ్యిబడితే దాని గుండె పగుల్తాది" అన్నాడు. "మందు నోటికిచ్చేది లేదా?"

ఉంది. కానీ అడవి జంతువుకు మోతాదు ఎలా పెట్టాలి, దేనిలో కలిపితే తింటుంది, అది నాకు తెలియదు. దాణా పెట్టి చూశాం, మూతి పెట్టలేదు అన్నాను.

"దాణా దానికేం తెలుసు? ఇప్పపువ్వు పెట్టు. ఎండబెట్టిన పువ్వు ఇంట్లో ఇంత ఉంది, తెస్తా. చెట్టు కింద రాలినట్టు చల్లాల. కుప్పబోస్తే అనుమానిస్తాది."

పై వాళ్ళతో మాట్లాడి అనుమతి తెచ్చుకున్నాం. దుప్పి ఒక్కసారి ఎంత తింటుందో ఆయన పిడికిలితో చూపించాడు, నేను పిడికిలికి ఎంత మందో లెక్క కట్టాను. ఒక జంతువే అంతా తినెయ్యకుండా ఎడం ఎడంగా, ఏ దోవన ఏ మంద దిగుతుందో ఆయన చెప్పిన చోటల్లా చల్లాం. కుంట చుట్టూ ఆకులూ పైమట్టీ గీకి కాల్చాం. చచ్చిన జంతువు కనబడితే అక్కడే కాల్చాం. ఊళ్ళల్లో మిగిలిన ఏ పశువుకు గీరుకున్నా నేనే ఇంటికి వెళ్ళి, పురుగులు ఏరి, వేడినీళ్ళలో వేసి చంపాను. ఒక ఆవుకు గంట పట్టింది. పుట్టిన ప్రతి దూడ బొడ్డుకూ మందు పూశాను. కాఫీ ఇచ్చిన చోటల్లా తాగాను.

ఇప్పపువ్వుకు మూడో రోజు దుప్పులు వచ్చాయి. మేమిద్దరం మంచె మీద కూర్చున్నాం. ఒకటి వచ్చి వాసన చూసి పోయింది. మళ్ళీ వచ్చి తినింది. తర్వాత అయిదారు దిగాయి. నాకు ఏడుపు వచ్చింది. తాత నా వైపు తిరగలేదు. "కదలాకు, బెదురుతాయి" అని మాత్రం అన్నాడు. ఆ రోజు చెప్పి ఉండాల్సింది. పక్కనే కూర్చున్నాడు, ఇంకెవరూ లేరు. గొంతు దాకా వచ్చింది. దుప్పులు బెదురుతాయని నాకు నేనే సాకు చెప్పుకుని మింగేశాను.

వానలు దిగేలోపు కొత్త పుండ్లు కనబడటం తగ్గింది. తర్వాత ఆగిపోయింది. మార్కాపురంలో ఒక మీటింగు పెట్టి నాకు శాలువా కప్పారు. చిన్న వయసులోనే ఎంత చొరవ అన్నారు. మా నాయన ముందు వరసలో కూర్చుని పక్కవాళ్ళకు నా కూతురే అని చెప్పుకుంటున్నాడు. స్టేజీ మీద మైకు ఇచ్చారు. అందరికీ ధన్యవాదాలు అని దిగిపోయాను. ఇంటికొచ్చాక శాలువాను బీరువాలో అడుగున తోశాను. మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది, అది ఎప్పుడూ కప్పుకోవేమని.

మేత బంద్ మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తినా మేపడానికి ఆవులు లేవు.

ఏడాది తర్వాత నాకు గిద్దలూరు వైపు బదిలీ అయింది. కొత్త చోట కుదురుకున్నాక, ఇక ఎవరూ ఏమీ అనరని రూఢి అయ్యాక, అప్పుడు పై అధికారులకు ఉత్తరం రాశాను. క్యాంపు కుంట దగ్గర పెట్టింది నేనని, కాపరి వద్దన్నాడని, నా రిపోర్టులో ఆ వాక్యం అబద్ధమని. పంపించాను. అందినట్టు ఒక ముద్ర వేసి తిరిగి ఒక కాపీ పంపారు. అంతకు మించి ఏమీ జరగలేదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఎవరికి చెబితే పోతుందో మాత్రం ఆ సామెతలో లేదు.

ఆ కాపీ పట్టుకుని ఒక ఆదివారం దోర్నాల వెళ్ళాను. తాత ఊళ్ళో లేడు. శ్రీశైలం బస్సులు ఆగే రోడ్డు పక్కన ఒక హోటల్ దగ్గర ఉంటున్నాడని చెప్పారు. నిజంగానే అక్కడున్నాడు. యాత్రికులు తినే చోటికి కోతులు రాకుండా అదిలించడం ఆయన పని. కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చారు. నన్ను చూసి లేచి, ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టి తను అరుగు మీద కూర్చున్నాడు.

"బాగుండావా తల్లీ? చిక్కినావే" అన్నాడు.

నేను కాగితం తీసి చదివాను. ఆయన తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని, చదివినంతసేపూ కదలకుండా విన్నాడు. అయిపోయాక క్షమించు తాతా అన్నాను. దానికి బదులు ఆయన ఒక మాట అడిగాడు.

"ఇది ఆ పొద్దే రాసుంటే నీకు ఏమయ్యేది?"

"మెమో ఇచ్చేవాళ్ళు."

"మెమో అంటే?"

"కాగితం తాతా. ఎందుకిట్ల చేసినావని అడుగుతా ఒక కాగితం ఇస్తారు. మనం జవాబు రాసివ్వాల."

"అంతేనా?"

"అంతే."

ఆయన నా ముఖంలోకి చూశాడు. రచ్చకట్ట దగ్గర చూసిన చూపు కాదు ఇది.

"నీ ఉద్యోగం పోతాదనుకున్న్యా" అన్నాడు. "కష్టపడి చదువుకున్న పిల్ల, ఉద్యోగం తీసేస్తే యాడికి పోతాదిలే, నాదేముంది ముసలి బతుకు అని తప్పు నాదే అంటి. ఒక కాగితానికా తల్లీ?"

నేను కాగితాన్ని మడత పెట్టాను. ఇంతలో బస్సు వచ్చి ఆగింది. జనం దిగుతున్నారు, పైన రేకుల మీద కోతులు కదిలాయి. హోటల్ ఆయన లోపలి నుంచి, "ఏయ్ ముసిలోడా, యాడున్నావ్?" అని కేక వేశాడు. తాత తలగుడ్డ చుట్టుకుంటూ, "వస్తుండా సారూ" అని లేచి పోయాడు.